లోతు క

"గొంతు మీద చెయ్యి పెట్టుకో. ఇప్పుడు క అను. ఊహూ, పైపైన కాదు. నాలుక మొదట్లోంచి రావాలి, మింగబోయి ఆగినట్టు," అంది స్పీచ్ టీచర్ సందుగాష్.

మెరుయెత్ అంది. వచ్చింది. పక్కనున్న కొడుకు ఎర్సిన్ మాత్రం నోరు తెరిచి చూస్తూ కూర్చున్నాడు.

వచ్చే వారం సందుగాష్ మళ్ళీ వస్తుంది. ఆ లోతు క అప్పటికీ వాడి నోట పలక్కపోతే, పట్నంలో మాటలు రాని పిల్లల హాస్టలుకి పేరు రాసేస్తుంది. సెలవులకి తప్ప ఇంటికి పంపరు.

"మన అచ్చులు రెండు మందలమ్మా," అంది సందుగాష్. "లోతువొకటి, పలచవొకటి. ఒక మాటలో రెండూ కలవవు. వీడు అన్నిటినీ పలచ మందలోకే తోలేస్తున్నాడు. వీడికేదంటే ఇష్టం?"

"గొర్రెపిల్లలు."

"ఇంకేం! గొర్రెపిల్లంటే ఖోజు. లోతు క, లోతు అచ్చులు. రోజంతా వీడి ముందు ఖోజు ఖోజు అంటూ ఉండు."

మెరుయెత్ భయంభయంగా మూలకి చూసింది. అత్తగారు నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టెముక్కని టీలో నానబెట్టుకుంటోంది. ఆవిడకి ముందు పళ్ళు లేవు. స అన్నా జ అన్నా టీనీళ్ళు కాగే సమోవార్ కూసినట్టు ఈల వస్తుంది.

"ఆ మాట మా ఇంట్లో ఆడది అనదు," అంది ఈలతోనే.

పోయిన మామగారి పేరు ఖోజుబాయ్. కోడలు ఆ పేరు పలకకూడదు. పేరులో ఉన్న మాటనీ పలకకూడదు.

"ఆయన్తో కాపురం చేసినన్నాళ్ళూ నేనే అనలేదు. నిన్నగాక మొన్నొచ్చిన ఇది అంటుందా?"

"మరి గొర్రెపిల్లని ఏమంటారమ్మా?"

"బుజ్జి మే," అంది మెరుయెత్ తలొంచుకుని.

"అదీ సంగతి! అందుకే వీడు పొద్దస్తమానం మే మే అంటున్నాడు."

మొగుడు దూరపు మేతల్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "అమ్మ మాట కాదని నేనేం చెయ్యను? నువ్వే సర్దుకో," అన్నాడు.

ఇటు ఆచారం, అటు హాస్టలు. మధ్యలో తన గొంతు.

పెరట్లో పేడ ఎత్తుతూ ఒకసారి అనబోయింది. కిటికీలోంచి అత్తగారి దగ్గు వినబడింది. మాట గొంతులోనే ఆగిపోయింది.

పైగా అత్తగారు రోజూ మధ్యాహ్నం మనవణ్ణి గొర్రెపిల్లల కొట్టంలోకి తీసుకుపోయి లోపల గడియ పెట్టుకునేది.

"నేనూ రానా అత్తయ్యా?"

"నీకక్కడేం పని? పోయి పిండి కలుపుకో."

ఉన్న నాలుగు రోజులూ కొడుకుని తనకి దక్కనివ్వడం లేదని మెరుయెత్ పిండిలోనే కళ్ళు తుడుచుకుంది.

సందుగాష్ వచ్చింది. బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. చెయ్యి, మంచు, చెంచా. ఎర్సిన్ నోరు విప్పలేదు. ఆఖరి బొమ్మ గొర్రెపిల్ల.

మెరుయెత్ పెదాలు విడివడ్డాయి. ఒక్కసారి అందిస్తే చాలు, వాడు అంటాడేమో. మూలనుంచి అత్తగారు గుడ్లురిమి చూసింది. మెరుయెత్ నోరు మూసుకుంది.

సందుగాష్ కలం తీసింది.

"ఖోజు," అన్నాడు ఎర్సిన్.

లోతు క లోతుగానే పలికింది. జు దగ్గర మాత్రం, పళ్ళన్నీ ఉన్న వాడి నోట అచ్చం అత్తగారి ఈల వినిపించింది.