అరంగుళం

"కదలకే, కొలత తప్పుతుంది" అంటూ అమ్మ నేల మీద చతికిలబడి, కొత్త చక్రాల కుర్చీకి ఈ చివర నుంచి ఆ చివరకి టేపు పట్టింది. "చక్రాలతో కలిపి వెడల్పు ఇరవై ఆరున్నర అంగుళాలు." చెవి వెనక నుంచి నీలి సుద్దముక్క తీసి గుడ్డ మీద రాసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి. ఆ చెవి మీద నీలిరంగు ఏ సబ్బుకీ లొంగలేదు.

కుర్చీకి వానతొడుగు కుడుతోంది.

"పది రోజుల్లో ఇంటికి వచ్చేస్తున్నానుగా, ఇంక ఇదెందుకమ్మా?" అంది చిట్టి.

"ఉండనీవే. వాన చెప్పి వస్తుందా?"

ప్రమాదం జరిగి ఐదేళ్ళు. అన్నయ్య అద్దె ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అప్పటి నుంచీ చిట్టికి ఈ హాస్టలు గదే ఇల్లు. ఆమె ఉద్యోగమేమో కాళ్ళు లేనివాళ్ళకీ, కళ్ళు ఆననివాళ్ళకీ, వయసు మళ్ళినవాళ్ళకీ చిన్న చిన్న ఇళ్ళు డిజైను చేయడం. ఊరందరికీ గుమ్మాలు వెడల్పు చేసి, సాయంత్రానికి హాస్టలుకి చేరేది. చివరికి అన్నయ్య చారెడు స్థలం కొన్నాడు. "ప్లాను నువ్వే గియ్యి, ఒక గది నీది" అన్నాడు. ఆ మాట విన్న రోజు సంతోషంతో చిట్టి అన్నం తినలేకపోయింది.

"వంటగట్టు మూడు ఎత్తుల్లో బిగించుకోవచ్చమ్మా. వదిన నిలబడి వండుకుంటుంది, నేను కూర్చుని వండుతాను. నీ మోకాళ్ళు మొరాయించిన రోజున పట్టుకోడానికి కడ్డీలు కావాలిగా, వాటికి గోడల్లో ఇప్పుడే చెక్కలు పెట్టించాను. మనుషులు మారేకొద్దీ ఇల్లూ మారాలి."

"మారుతుందిలే" అంటూ అమ్మ సూదీ దారం అందించింది. "ఇది కాస్త ఎక్కించు. ఇంట్లో అయితే రోజూ మీ వదిన ఎక్కించి పెడుతుంది. బెజ్జం కనపడక ఏడాదైంది నాకు."

"వదిన ఇంకా సణుగుతోందా?"

"దాని నోరంతే. మనసులో పెట్టుకోకు. రేపు నేను మంచాన పడితే చూసేది అదేగా." అమ్మ మళ్ళీ కుట్టు మీదికి వంగింది. "ఈ గది మాత్రం అప్పుడే ఖాళీ చెయ్యకు. ఒక నెల చూసుకుని చెయ్యొచ్చు."

మర్నాడే చిట్టి పని మీద పొరుగూరు వెళ్ళింది. వెళ్ళే ముందు కుర్చీ కొలతల కాగితం వదినకి పంపి, పనివాళ్ళకి చూపించమంది. పది రోజుల తరువాత రెండు పెట్టెలతో నేరుగా కొత్తింటి ముందు దిగింది.

వాలుబాట మీద కుర్చీ ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. హాలుకీ తన గదికీ మధ్య జరిపే గోడ ఒంటిచేత్తో జరిగింది. స్విచ్చులన్నీ చేతికి అందాయి. చిట్టికి కళ్ళు చెమర్చాయి.

"ఇల్లా ఇది, ఆసుపత్రా?" అంది వదిన. బడి పరీక్షపేపర్లు దిద్దుతోంది, చేతిలో ఎర్రపెన్ను. "ఎటు చూసినా వాలుబాటలూ, జరిపే గోడలూ."

చిట్టి నవ్వి ఊరుకుని బాత్రూమ్ వైపు తిప్పింది. కుర్చీ గుమ్మంలో టక్కుమని ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఆగింది. టేపు తీసి కొలిచింది. ప్లానులో ముప్ఫై ఆరు. ఇక్కడ ఇరవై ఆరు.

బజారు తలుపులు ఇరవై నాలుగుంటాయి, ముప్ఫై ఉంటాయి. ఇరవై ఆరు ఎక్కడా ఉండదు. ఇది పొరపాటున వచ్చే కొలత కాదు. కుర్చీ వెడల్పు తెలిసినవాళ్ళెవరో అరంగుళం తగ్గించారు.

అన్నయ్య కబురు పెడితే వడ్రంగి పరుగున వచ్చాడు.

"నేను ముప్ఫై ఆరే రాసుకున్నాను మేడమ్. ఓ రోజు పొద్దున వచ్చేసరికి చెక్క మీద అది కొట్టేసి, కింద ఇరవై ఆరు అని ఉంది. ఇంటివాళ్ళే మార్చుకున్నారనుకున్నా."

చిట్టి వదిన వైపు తిరిగింది. "పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదా వదినా?"

వదిన పేపర్లు పక్కన పెట్టింది. "నువ్వు రావడం నాకు ఇష్టం లేదు. ఆ మాట నీ మొహం మీదే చెప్పాను, మీ అన్నయ్యకీ చెప్పాను. చాటుగా చేసే అలవాటు నాకు లేదు."

"కాగితం పంపింది నీకే."

"పనివాళ్ళకిచ్చాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు."

అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అమ్మ వచ్చి చిట్టి భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీవే, దానితో మాటలెందుకు? హాస్టలు గది ఉండనే ఉంది. మబ్బు పట్టింది, తొడుగు నీ సంచిలో పెట్టాను."

ఆ మాటలు అమ్మ వదిన వైపు చూడకుండా అనడం చిట్టి గమనించింది. కోడలి నోటికి భయపడి అమ్మ ఇన్నాళ్ళూ ఎంత అణిగిమణిగి బతికిందో అనుకుంది.

"నువ్వు భయపడకమ్మా. నేనెక్కడికీ వెళ్ళను" అంది అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఒకరికి ఇష్టం లేకపోతే వాళ్ళతో పోట్లాడైనా ఇక్కడే ఉంటాను. నువ్వున్నావు, చాలు. ఏమయ్యా, ఆ చట్రం ఊడగొట్టు. ప్లానులో ఉన్నట్టే పెట్టు."

"అలాగే మేడమ్. రాసింది కూడా ఈ పట్టీ కిందే ఉండాలి, మీరే చూడండి" అంటూ వడ్రంగి ఉలి దోపి, చట్రం అంచున కొట్టిన పట్టీని పైకి లేపాడు.

అమ్మ చెయ్యి చిట్టి చేతిలోంచి జారిపోయింది.

చిట్టి ముందుకు వంగి ఎర్ర సిరా కోసం చూసింది.

అంకె నీలి సుద్దతో రాసి ఉంది.