ఒకే కప్పు కింద

ముందు తలుపు దగ్గరికి కొత్త డైరెక్టరమ్మ రావడమూ, వెనక కిటికీలోంచి ఇంజనీరు సిమియు బయటికి దూకడమూ ఒక్కసారే జరిగాయి. జావ చెంచా అతని చేతిలోనే వెళ్ళిపోయింది. ఆ జావ తాగాల్సిన అతని కూతురు, ఎనిమిది నెలల నెకేసా, చాప మీద నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

పక్కనున్న సిబ్బంది అధికారిణి మ్వానాయిషా నోరు కూడా అలాగే ఉండిపోయింది.

నైవాషా సరస్సు అవతల, నేల పొగలు కక్కే ఆ విద్యుత్ కేంద్రంలో నీరు ఆవిరి కావడం మామూలే. ఇంజ'నీరు' ఆవిరి కావడం మాత్రం ఈ వారమే మొదలైంది.

"ఆ మనిషి వెళ్ళాడా?" డైరెక్టర్ నసాంబు గుమ్మం బయటే గోడవైపు తిరిగి నిలబడి అడిగింది.

"ఆ మనిషికి ఒక పేరుంది మేడమ్. సిమియు."

"వెళ్ళాడా అని అడిగాను."

"వెళ్ళారు. కిటికీలోంచి."

అప్పుడుగానీ ఆవిడ లోపల అడుగు పెట్టలేదు. చాప మీది పాపను చూసింది. "తండ్రి డ్యూటీలో ఉంటే దీనికి తినిపించేదెవరు?"

మ్వానాయిషాకు ఒళ్ళు మండింది. పాప కోసం తనే పోట్లాడి పెట్టించిన గది ఇది. సిమియు భార్య కూడా ఇంజనీరే. తుర్కానా వైపు ఆనకట్ట మీద పనిపడి వెళ్ళింది. పాప తండ్రి దగ్గరుంది. కంట్రోల్ రూమ్‌కీ ఈ గదికీ మధ్య అద్దం పెట్టించారు. పీక్ లోడూ, పాలపీకా రెండూ ఒక్కడే చూసుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ అక్కడ ఫ్యూజూ పోలేదు, ఇక్కడ పాపకు ఒక్క పూటా పాలు తప్పలేదు.

"మేమందరం తినిపిస్తాం మేడమ్. ఇక్కడ అలవాటే అది."

"మంచిది. ఒక్క మాట విను. ఆ మనిషీ నేనూ ఒకే కప్పు కింద పనిచెయ్యలేం. సాయంత్రంలోగా ఏర్పాటు చూడు."

రెండో యూనిట్ టర్బైన్ వచ్చే వారమే మొదటిసారి తిరగాలి. దాని బాధ్యత సిమియుది. కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని దాని నక్షాలన్నీ గీసినవాడు. ఇప్పుడు కప్పు మారిందంటే యూనిట్ చేతులు మారినట్టే.

సిమియు గొట్టాల చాటున దొరికాడు.

"ఏవయ్యా నెకేసా నాన్నా, ఆవిడేమన్నా సింహమా? జీబ్రాలా ఆ దూకుడేంటి?"

"సింహమైతే నిలబడేవాణ్ణి అక్కా."

"నిన్న క్యాంటీన్‌లో ఆవిణ్ణి చూసి ఉగాలి ముద్ద పళ్ళెంలోనే వదిలేసి పరిగెత్తావు. మొన్న మీటింగ్‌లో తలుపు బయట నిలబడ్డావు. ఆవిడ నన్నడగడం, నేను నిన్నడగడం, నువ్వు చెప్పింది మోసుకెళ్ళి ఆవిడకు చెప్పడం! నేను సిబ్బంది అధికారినా, కరెంటు తీగనా?"

"షాకు కొట్టలేదుగా అక్కా!"

"కొట్టబోయేది నీకే. నిన్ను పంపించేయమంటోంది."

సిమియు మొహం పాలిపోయింది. "యూనిట్ తిరక్కముందేనా?"

"ఏం తప్పు చేశావో చెప్పు. నేను పోట్లాడతా."

"తప్పేం లేదక్కా. ఇప్పుడు చెబితే నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. యూనిట్ తిరిగాక నేనే చెప్తా." చేతిలో ఎండిపోయిన చెంచా వైపు చూశాడు. "పాప సగం జావే తాగింది. మిగతాది పట్టిస్తావా?"

అంతే, ఆ మాటతో మ్వానాయిషా తెగించేసింది. పాపను చంకన వేసుకుని సరాసరి డైరెక్టర్ బల్ల ముందు నిలబడింది.

"అతన్ని తీసేస్తే నన్నూ తీసేయండి మేడమ్! పిల్లను చూసుకునే మగాడంటే అంత చులకనా? మొహం చూడరు, పేరు పలకరు, అతను తినే చోట తినరు! పాపం, మీ నీడ పడితేనే వణికిపోతున్నాడు!"

"తీసేస్తానని ఎవరన్నారు?" నసాంబు నెమ్మదిగా అడిగింది. "రెండో యూనిట్ అతనిదే. నేను రాకముందే కష్టపడి సంపాదించుకున్నాడు. దాని మీద నా చెయ్యి పడకూడదు. కంట్రోల్ రూమ్, పాప గది, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి."

"మరి కప్పు?"

"కప్పు మారేది నేను. గేటు దగ్గర పాత స్టోర్‌రూమ్‌లో నా బల్ల వేయించు."

మ్వానాయిషా నిర్ఘాంతపోయింది. డైరెక్టరమ్మ వెళ్ళి తుప్పుపట్టిన రేకుల కింద కూర్చుంటుందా! ఒక్క ఇంజనీరు మొహం చూడాల్సి వస్తుందని!

"అంత అసహ్యమా మేడమ్, అతనంటే?"

"నువ్వు సముద్రం వైపు పిల్లవి, నీకు తెలీదు. అసహ్యం కాదమ్మా, మర్యాద. మా బుకుసు తెగ ఆడవాళ్ళం మంత్రి ముందైనా నిలబడతాం, మొసలి ముందైనా నిలబడతాం. ఒక్కడి ముందు మాత్రం నిలబడం. అతనూ మా ముందు నిలబడడు."

"ఎవరి ముందు?"

నసాంబు లేచి, చేతులు చాచి పాపను అందుకుంది. బుజాన ఉన్న గుడ్డ తీసి వీపున కట్టుకుంది.

"కూతుర్నిచ్చిన అల్లుడి ముందు."