అప్పగింతల్లో తీన్‌మార్

చేత్తో పాటలు కలిపే సాఫ్ట్‌వేర్ పాతదైపోయిందని డీజే ఓదెలు తన కంప్యూటర్‌లో కొత్తది పెట్టుకున్నాడు. కంప్యూటర్ కెమెరాతో పెళ్లిలో అందరి గుండె వేగాన్నీ చదివి పాటలు అదే కలుపుతుంది. ఓదెలు పక్కన నిలబడితే చాలు.

జనగామ పెళ్లిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు తల్లిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అందరి గుండెలూ దడదడలాడాయి. జనానికి ఊపొచ్చిందనుకుని సాఫ్ట్‌వేర్ తీన్‌మార్ దరువు అందుకుంది. ఎలా ఆపాలో ఓదెలుకు గుర్తురాలేదు. చివరికి వైరు పీకేశాడు.

పెళ్లికూతురి నాయనమ్మ దగ్గరికొచ్చింది.

"ఆ డబ్బాకు తెల్వదు. నీకు గూడ తెల్వదా బిడ్డా?"

మర్నాడు పాత సాఫ్ట్‌వేర్ వెతుకుదామని కంప్యూటర్ తెరిచాడు. తెర మీద అక్షరాలు మెరిశాయి: "అప్పగింతలు అదిరిపోయాయి! ప్రతి పెళ్లిలోనూ ఇలాగే వాయించాలా?"

సిగ్గుతో ఓదెలు గుండె దడదడలాడింది.

కంప్యూటర్ మళ్లీ తీన్‌మార్ అందుకుంది.