తాడు కొలత

“ఆగు బావా! ఒక్కసారైనా వెలిగించకుండానే గునపం పోటా?”

బావమరిది గునపం లాక్కున్నాడు. పాత డ్రమ్ముతో చేసిన పొయ్యికి ఆనుకుని గోడ పొడవునా కొత్త మట్టి తిన్నె ఉంది. పొయ్యిలోని పొగ ఆ తిన్నె కడుపులోని గొట్టంలో పాకి, మట్టినంతా వెచ్చబెట్టి బయటికి పోవాలి.

“ఇంకెవరికిరా ఇది? చలికి వణికిపోతోందని మీ అక్క కోసం మొదలెట్టా. మట్టి ఆరేలోగా తనే పోయింది.”

“సరే, ఇంత పొడవెందుకు కట్టావు? గొట్టం పొడవైతే పొగ వెనక్కి తంతుందని మొత్తుకున్నాగా.”

“నా తెలివి కాదు. మీ అక్కే మంచం మీంచి తాడుకి కొలత ముడేసి ఇచ్చింది. ‘ఇందులో అంగుళం తగ్గినా ఒప్పుకోను’ అంది. కాళ్లు బారజాపుకుంటుంది కాబోలు అనుకున్నా.”

“అక్క నా భుజం దాకా కూడా రాదు. దీనిమీద ఇద్దరు అక్కలు పడతారు బావా!”

నవ్వబోయినవాడు ఆగిపోయాడు. బావని ఎగాదిగా చూశాడు.

“ఓసారి పడుకో.”

“పిచ్చా నీకు?”

“పడుకోమంటున్నానా!”

విసుక్కుంటూనే ఆయన తిన్నెమీద వెల్లకిలా పడుకున్నాడు. తల ఒక చివరికి సరిపోయింది, మడమలు రెండో చివరికి. వేలెడు కూడా మిగల్లేదు.

బావమరిది గునపం పక్కన పడేశాడు. “మంచం పక్కన నువ్వు నిద్రపోతున్నప్పుడు అక్క నిన్నే కొలిచింది బావా.”

ఆయన లేవలేదు. గోడవైపు తిరిగాడు.

“వెలిగించరా. సన్నటి మంటే పెట్టు. లోపల ఇంకా పచ్చిగానే ఉంది.”