లింకు కింద బొమ్మ

"పిన్నిగారూ, మీ దుకాణం లింకు కింద పాత బొమ్మే వస్తోంది."

కొరియాలోని టోంగ్‌యోంగ్ బజారులో ఎండు నెత్తళ్ళ చేపలు అమ్మే ఓక్ మల్సుక్ తలెత్తింది. ఎదురుగా నలభై ఏళ్ళ మగమనిషి, చేతిలో ఫోను.

"ఎవరు నువ్వు?"

"దారిన పోయేవాణ్ణి. మీ బోర్డు మీది లింకు నాకు నేనే పంపుకుని చూశాను. రేపు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతారటగా?"

పెట్టాలి. చుసోక్ పండగ కానుకలకు ఆ ఎనిమిది వందల ఇళ్ళూ ఒకే దుకాణంలో కొంటాయి. పోటీలో మిగిలినవి రెండు దుకాణాలు: తనదీ, తనెరగని ఇంకొకరిదీ. దుకాణానికి ఒకే లింకు, ఒక్కసారే. మధ్యాహ్నానికి ఓట్లు. ఈ బేరం పోతే మల్సుక్ దుకాణం ఎత్తేయాల్సిందే.

"కొత్త ఫోటో పెట్టానయ్యా. నేనే తీశాను."

"మీ పేజీలో ఉంది. మెసేజ్‌లో రాదు. యాప్ మొదట చూసిన బొమ్మనే దాచుకుంటుంది. తుడిపించాలి. ఐదు నిమిషాల పని, ఫోనివ్వండి."

"ఆహా! పోయినేడు ఒకడికి ఇచ్చాను. ఇంకా పోలీసుల చుట్టూ తిరుగుతున్నాను. నీకేం లాభం?"

"ఏమీ లేదు."

"లాభం లేకుండా బజారుకొచ్చేది దొంగ ఒక్కడే. నడు!"

అతను చూపించబోయిన ఫోనును ఆమె చేటతో పక్కకు నెట్టింది.

మర్నాడు పొద్దున లింకు పెట్టింది. దాని కింద బూడిదరంగు బోర్డు బొమ్మ తెరుచుకుంది: 'మరమ్మతులు. దుకాణం మూసి ఉంది.' పోయిన నెల బోర్డు అది.

"పండగ ముందు మరమ్మతులేంటో!" అని ఒకావిడ రాసింది.

"తెరిచే ఉంది, వచ్చి చూడండి!" అని మల్సుక్ రాసింది. అమ్మేవాళ్ళు రెండోసారి రాయకూడదని అపార్ట్‌మెంట్ కార్యదర్శి దాన్ని తుడిపేశాడు.

ఓట్లు ముగిశాయి. రెండో దుకాణం గెలిచింది.

ఏప్రన్ విప్పకుండానే ఆమె అపార్ట్‌మెంట్ ఆఫీసులోకి దూసుకెళ్ళింది.

"నా సరుకు బాగోలేదని ఓడించండి, ఒప్పుకుంటాను. బొమ్మ బాగోలేదని ఓడిస్తే ఊరుకోను! మళ్ళీ పెట్టనివ్వండి."

కార్యదర్శి నిట్టూర్చాడు.

"పొద్దున్నుంచి ఇది రెండో గొడవ. ఆమె సరుకు నాదానికన్నా మేలైనది, ఇంకో అవకాశం ఇవ్వండని గెలిచినాయనే వచ్చి దెబ్బలాడాడు. నియమం నియమమే అన్నాను."

మల్సుక్ అంతవరకూ తెరిచి చూడని పోటీదారు లింకును గ్రూపులో వెతికింది. దాని కింద చక్కటి బొమ్మ ఉంది. అందులో నెత్తళ్ళ బుట్టల వెనక, చేతులు కట్టుకుని, నిన్న ఆమె దొంగ అన్న మనిషి నిలబడి ఉన్నాడు.