రెండు కంప్యూటర్లు, ఒక్క తెర

హైమక్కా, అక్షరదోషాలున్నా, రాత వంకరగా ఉన్నా ఏమనుకోకు.

చండ్రుగొండలో మా దుకాణంలో కంప్యూటర్లు రెండున్నా తెర ఒక్కటే. మీ మరిది పెళ్లికార్డులకు బొమ్మలు వేస్తున్నంతసేపూ తెర వైరు ఆయన కంప్యూటరుకే. రెండోదాంట్లో నేను తెర లేకుండానే టైపు నేర్చుకుంటాను.

నిన్న పెళ్లికూతురి తండ్రికి కార్డు చూపించాలని తెర అటు తిప్పితే వైరు ఊడింది. తొందరలో ఆయన దాన్ని నా కంప్యూటరుకు పెట్టారు. తెర మీద నా టైపు వచ్చింది: “ఈయన తెరతో తప్ప నాతో మాట్లాడరు.”

“అవ్, మా ఇంట్ల గూడ గిదే గోల. కార్డు మీద మాత్రం అచ్చెయ్యకు బిడ్డా,” అన్నాడు పెద్దాయన.

సాయంత్రం మీ మరిది వైరు పీకేసి నా ఎదురుగా కూర్చుని, “ఇగ చెప్పు, మాట్లాడుదాం,” అన్నారు.

సిగ్గుతో నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. “వైరు పెట్టండి, టైపు చేసి చెప్తా,” అన్నాను.

పోస్టుమాన్ నీకు చదివి వినిపించగానే ఈ పోస్టుకార్డు కాల్చెయ్యక్కా.