బీబీజాన్ పూల కప్పు

"అక్కా, కండ్లు మూస్కో జర!" అంటూ పక్కింటి బీబీజాన్ వసారాలో గుడ్డమూట విప్పింది. లోపల పింగాణీ పూలకూజా. దాని ఒంటి నిండా రంగుతో వేసిన నీలం పూలు.

"అబ్బ, ఎంత సక్కగున్నదే! యాడ కొన్నవ్?" అంది భూలక్ష్మి.

"మెదక్ అంగట్ల ఉత్త తెల్లది దొరికింది. పూలు నేనే ఏసిన. గీడ నా కప్పు మీదియి చూసుకుంటనే నేర్చిన."

భూలక్ష్మి చూపు గూటి మీదికి పోయింది. వసారా గూట్లోని ఆ కప్పులో బీబీజాన్‌కు తప్ప ఎవరికీ చాయ్ పోయరు. సాయబుల ఎంగిలి ఇంటి గిలాసలకు అంటొద్దని అత్తగారు పెట్టిన కట్టడి అది. అత్త పోయి ఏండ్లయినా కప్పు మాత్రం గూడు దాటి లోపలికి రాలేదు.

"మీరంత స్టీలు గిలాసల తాగుతరు. నా ఒక్కదానికే పూల కప్పు! మా అమ్మగూడ నన్ను గింత మంచిగ చూస్కోలే అక్కా. గందుకే గిది నీకు."

భూలక్ష్మి లేచింది. గూట్లోని కప్పు తీసుకొని వంటింట్లోకి పోయింది. తిరిగొచ్చి తన స్టీలు గిలాసలో చాయ్ బీబీజాన్ చేతికిచ్చింది. పూల కప్పులో తను పోసుకొని, పెదవులకు ఆనించి తాగింది.

బీబీజాన్ ముఖం చిన్నబోయింది.

"నా కప్పు గుంజుకున్నవేందక్కా? నేనేం తప్పు చేసిన?"